గెడ్డ మీద వేలాడే మా పైపుకి టెస్టింగ్ చేయించాం: ఎలా చేశారు, ఎంత తీసుకున్నారు

మా ఎత్తిపోతల పైపు గెడ్డ (వాగు) దాటే చోట 60 మీటర్లు గాల్లోనే ఉంటుంది. ఇటో టవరు, అటో టవరు, వాటి మీదుగా రెండు ఇనుప తాళ్లు, తాళ్ల నుంచి 3 మీటర్లకొకటి చొప్పున వేలాడే చువ్వలు, ఆ చువ్వలు మోసే అడ్డ కమ్మీల మీద 8 అంగుళాల ఇనుప పైపు. ఊరు విజయనగరం జిల్లాలో, రాజాం అవతల. ఆ గెడ్డ కిందికి పోయి సువర్ణముఖిలో కలుస్తుంది. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు, శ్రావణం వస్తే మాత్రం గట్టు మీద నిలబడడానికే భయం. మొన్న ఏప్రిల్లో విశాఖ నుంచి ఒక చిన్న ఇంజినీరింగ్ సంస్థని పిలిపించి ఈ పైపుకి, తాళ్లకి పరీక్షలు, కంప్యూటర్లో మోడలింగ్ (లెక్కల నమూనా కట్టి బరువుకి ఎలా కదులుతుందో చూడడం) చేయించాం. రైతు సంఘానికి సెక్రటరీని నేనే కాబట్టి మొదట్నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. 5కి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే వాళ్ల మీద నాకు ఒకటి రెండు ఫిర్యాదులు ఉన్నాయి, పైగా మీరు ఎవరిని పిలిచినా ఏమేం చేయించుకోవాలో తెలియాలన్నదే నా ఉద్దేశం.

ముందు మేం ఎందుకు పిలిచామో చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పెద్ద నీలగిరి చెట్టొకటి అవతలి గట్టున టవరు వెనక్కి లాగే తాడు మీద పడింది. తాడు తెగలేదు కానీ దాని చివర కట్టి ఉంచే కాంక్రీటు దిమ్మ దగ్గర ముడి ఊడింది. పొలాలకి నీళ్లు కావాలి, ఆగే టైం కాదు, చైన్ పుల్లీతో లాగి కొత్త క్లిప్పులు వేయించి మోటారు ఆన్ చేసేశాం. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఎవరూ దాని జోలికి పోలేదు. 2022 అక్టోబర్ 30న గుజరాత్ మోర్బీలో వేలాడే వంతెన కూలి 135 మంది పోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఒక ప్రధాన కేబుల్లో 49 తీగలుంటే 22 అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయని తర్వాత దర్యాప్తులో బయటపడింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వానాకాలంలో రోడ్డు చుట్టూ తిరిగితే 6 కిలోమీటర్లు, అందుకని మా పిల్లలు బడికి ఈ పైపు పక్కన ఉన్న సన్నటి నడకబాట మీదే దాటేవాళ్లు.

అప్పుడు ఒకాయన్ని పిలిచాం. అరగంట చూశాడు, పైపుకి ఉన్న తుప్పు చూపించి "ఇది మొత్తం మార్చాలి" అన్నాడు, 9 లక్షలకి కొటేషన్ ఇచ్చి వెళ్లిపోయాడు. తాళ్ల సంగతి అడిగితే "అవి గట్టివే" అన్నాడు. దిమ్మల దగ్గరికైతే అసలు వెళ్లనే లేదు. అక్కడ తుమ్మ, కలబంద పెరిగిపోయి ఉన్నాయి, వెళ్లాలంటే కత్తి పట్టుకుని వెళ్లాలి. అంత డబ్బు సంఘం దగ్గర లేక విషయం అక్కడే ఆగిపోయింది.

ఈసారి వచ్చిన వాళ్లు ముగ్గురు. ఇద్దరు ఇంజినీర్లు, ఒక హెల్పరు. పెద్ద ఇంజినీరు ఒక అమ్మాయి, ముప్ఫై ఏళ్లుంటాయేమో. వచ్చీ రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "దిమ్మలు ఎక్కడున్నాయండీ, ముందు పొదలు కొట్టించండి." నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

రెండోరోజు తెల్లవారుజామున 5 గంటలకే మమ్మల్ని రమ్మన్నారు. ఎందుకంత పొద్దున్నే అంటే, ఎండ తగిలితే తాడు సాగుతుందట. దిమ్మ నుంచి దిమ్మ దాకా మా తాడు 92 మీటర్లు. 30 డిగ్రీల వేడి పెరిగితే 3 సెంటీమీటర్ల పైనే పొడవు పెరుగుతుంది, నడిమధ్యన మాత్రం దానికి దాదాపు రెట్టింపు, అంటే 6 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మధ్యాహ్నం కొలిచిన లెక్కని పొద్దుటి లెక్కతో కలిపితే తప్పులొస్తాయి కాబట్టి కొలతలన్నీ సూర్యుడు రాకముందే. ఖాళీ పైపుతో ఒకసారి, నీళ్లు నింపి ఒకసారి, టోటల్ స్టేషన్ (దూరాలు, ఎత్తులు కొలిచే సర్వే పరికరం) పెట్టి తాడు ఎంత దిగిందో చూశారు. పైపు బరువు మీటరుకి 31 కిలోలు, అందులో నీళ్లు ఇంకో 34 కిలోలు, చువ్వలు, తాళ్లు కలుపుకుంటే మీటరుకి 70 దాకా. మొత్తం మీద 4 టన్నుల పైచిలుకు గాల్లో వేలాడుతోందన్నమాట. అందులో సగం నీళ్లే కాబట్టి మోటారు వేసి నింపడమే మాకు లోడ్ టెస్టు అయిపోయింది, ఇసుక బస్తాలు మోయాల్సిన పని లేకపోయింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి జరిగింది. వాళ్లు వచ్చేముందే మా పాత డ్రాయింగ్ చూసి కంప్యూటర్లో మోడల్ తయారు చేసుకుని వచ్చారు. నీళ్లు నింపితే మధ్యన 42 మిల్లీమీటర్లు దిగాలని ఆ మోడల్ చెప్పింది. దిగింది 85. రెండు రెట్లు! నేనైతే కంగారుపడిపోయాను. ఆమె మాత్రం తప్పు తాడుది కాదు, మా మోడల్దే అని వెంటనే ఒప్పుకుంది. లాగితే ఎంత సాగుతుందో లెక్కకట్టడానికి ఉక్కు చువ్వకి వాడే అంకెనే తాడుకీ వాడేశారట. తాడంటే సన్న తీగలు మెలిపెట్టి అల్లింది, లాగితే ముందు ఆ మెలికలు బిగుసుకుంటాయి, అందుకే అంతే ఉక్కు ఉన్న గట్టి చువ్వతో పోలిస్తే దాదాపు రెట్టింపు సాగుతుంది. అంకె మార్చి మళ్లీ నడిపితే కొలతకీ మోడల్‌కీ తేడా 3 మిల్లీమీటర్లకి వచ్చింది. ఇది రాయడానికి కారణం ఉంది. మోడలింగ్ అని రంగురంగుల బొమ్మలు ప్రింటు తీసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. సైటులో కొలిచి ఆ బొమ్మని దిద్దుకున్నారా లేదా అన్నది అడగండి. దిద్దుకోకపోతే ఆ బొమ్మకి డబ్బులివ్వొద్దు.

తాడు సంగతి మామూలు ఇనుప ఫ్రేములా లెక్క కట్టడం కుదరదని కూడా ఆమె చెప్పింది. తాడు లాగితే ఆగుతుంది, నెడితే ముడుచుకుపోతుంది, బరువు పడేకొద్దీ దాని ఆకారమే మారిపోతుంది, ఆకారం మారితే బలం లెక్క కూడా మారుతుంది. అందుకని కొంచెం బరువు పెట్టి, మారిన ఆకారం చూసి, మళ్లీ కొంచెం పెట్టి, అలా మెట్లు మెట్లుగా చేయాలట. అయితే చేత్తో కట్టగలిగే లెక్క ఒకటుంది, అది మా సంఘం పుస్తకంలో రాయించుకున్నాను: మీటరు బరువుని టవర్ల మధ్య దూరంతో రెండుసార్లు గుణించి, మధ్య వేలాడుకి (టవరు పైనుంచి చూస్తే నడిమధ్యన తాడు ఎంత కిందికి ఉందో దానికి) 8 రెట్లతో భాగిస్తే తాడు అడ్డంగా లాగే బలం వస్తుంది. మాది 70 కిలోలు, 60 మీటర్లు, వేలాడు 6 మీటర్లు, వచ్చేది 5,250 కిలోలు, రెండు తాళ్లకీ కలిపి. వేలాడు తక్కువుంటే చూడ్డానికి బాగుంటుందని మనవాళ్లు బిగించేస్తుంటారు. వేలాడు 3 మీటర్లకి తగ్గిస్తే అదే పైపుకి లాగుడు 10 టన్నులు దాటిపోతుంది. బిగుతుగా ఉన్న తాడు భద్రం అనుకోవడం ఎంత తప్పో నాకు అప్పుడు తెలిసింది.

అసలు బండారం బయటపడింది తాళ్లు కొట్టి చూసినప్పుడు. టవరు వెనక దిమ్మకి దిగే తాడు 15 మీటర్లుంటుంది. దానికి గుప్పెడంత పెట్టె ఒకటి టేపుతో చుట్టి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి, సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోందో లాప్‌టాప్‌లో చూస్తారు. మా ప్రెసిడెంటు గారు ఊరుకోలేక, "ఏటమ్మా, తట్టితే లోపల లాగుడెలా తెలుస్తాది?" అని అడిగారు. "బాబయ్యా, డప్పు కాచాక మోత మారుతుంది కదా, తోలు ఎంత బిగిసిందో చెవికే తెలిసిపోతుంది. ఇదీ అంతే" అంది. ఎగువ వైపు తాడు సెకనుకి 4.3 సార్లు ఊగింది, దిగువ వైపుది 3 సార్లే. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ లాగుడు ఈ అంకె వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఒక తాడు రెండోదానికి రెట్టింపు మోస్తోందని అర్థం. అడ్డంగా లాగేదానికి ఏటవాలు కూడా కలిపితే చెరి 2.8 టన్నులు మోయాల్సినవి, ఒకటి 3.8, ఇంకొకటి 1.8 దగ్గర ఉన్నాయి.

మరి పైపు పక్కకి ఒరగలేదేం? నాకొచ్చిన అనుమానమే అందరికీ వచ్చింది. పైపు గుండ్రం కదా, మెలి తిప్పడం చాలా కష్టం, రెండు చివర్లా టవర్ల దగ్గర గట్టిగా పట్టి ఉంది, అందుకని తాళ్ల మధ్య తేడాని పైపే తన మీద వేసుకుని నిటారుగా నిలబడింది. కంటికి ఒక డిగ్రీ కూడా ఒరుగు కనబడదు. ఇన్నేళ్లు మేం రోజూ చూస్తూ కూడా పట్టుకోలేకపోయింది ఇందుకే.

కారణం దిగువ తాడు దిమ్మ దగ్గర దొరికింది. ఇనుప తాడుని మడిచి కట్టేటప్పుడు వేసే క్లిప్పుకి రెండు భాగాలుంటాయి, ఒకటి యూ ఆకారం బోల్టు, ఇంకొకటి గాడి ఉన్న ఇనుప ముక్క. గాడి ముక్క బరువు మోసే తాడు వైపు, యూ బోల్టు మిగిలిన తోక వైపు ఉండాలి. హుద్‌హుద్ తర్వాత మేం వేయించినవి ఐదింటికి ఐదూ తిరగేసి ఉన్నాయి. యూ బోల్టు మోసే తాడునే నొక్కి తీగల్ని చితకగొట్టింది, పట్టు చాలక తాడు జారింది కూడా. జారిన చోట 7 సెంటీమీటర్ల మేర గ్రీజు చెరిగి కొత్తగా మెరుస్తున్న గీత ఉంది, ఆమె టేపు పెట్టి కొలిచింది. ఆ 7 సెంటీమీటర్లని మోడల్లో పెడితే 3.8, 1.8 అంకెలే వచ్చాయి! ఆ రోజు చైన్ పుల్లీ పట్టుకుని లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ గీత మీద వేలు పెట్టినప్పుడు నోట మాట రాలేదు, ఆ బాట మీదే కదా మా పిల్లలు నడిచింది.

తాడు తెగుతుందేమో అన్న భయం లేదని చెప్పారు. 24 మిల్లీమీటర్ల తాడు, కొత్తప్పుడు దాదాపు 30 టన్నులకి గానీ తెగదు. ప్రమాదం దిమ్మతో. మా దిమ్మలు ఒక్కొక్కటి 2 మీటర్లు, 2 మీటర్లు, ఎత్తు మీటరున్నర, అంటే 6 ఘనపు మీటర్లు, 14 టన్నుల పైన. అంత బరువు కదులుతుందా అనిపిస్తుంది. కానీ గెడ్డ పొంగి దిమ్మ మునిగితే నీళ్లు దాన్ని పైకి తేలుస్తాయి, ఘనపు మీటరుకి టన్ను చొప్పున 6 టన్నులు పోయి 8.4 మిగులుతుంది. తాడు ఏటవాలుగా పైకి లాగేది కూడా తీసేస్తే 7 టన్నులు. నేలతో పట్టు అందులో సగం లెక్కేస్తే 3.5 టన్నులు. 3.8 టన్నుల తాడు అడ్డంగా లాగేదీ 3.5 టన్నులే. ముందున్న మట్టి ఆపుతుంది కదా అంటే, వరదలో ముందు కోసుకుపోయేది ఆ మట్టే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదన్నారు. ఈ ఒక్క లెక్క కోసం నేను ఇంకో లక్ష అయినా ఇచ్చేవాణ్ని. వరదలో మునిగే దిమ్మ ఏ ఊళ్లో ఉన్నా, పొడి బరువు చూసి ధీమాగా ఉండకండి.

పైపు విషయం త్వరగా చెప్పేస్తాను. అల్ట్రాసోనిక్ మీటరు పెట్టి బయటినుంచే మందం చూశారు. 6 మిల్లీమీటర్లది, క్లాంపుల కింద నీళ్లు నిలిచే చోట్ల 4.2కి అరిగింది, మిగతాదంతా బాగుంది. మా పంపు ఒత్తిడికి అది చాలు. మార్చక్కర్లేదు, క్లాంపులు విప్పి రుద్ది రంగు వేసి రబ్బరు పట్టీ పెట్టమన్నారు. 9 లక్షలు మిగిలాయి.

మోటారు నడుస్తుండగా కరెంటు పోతే పైపు ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం మాకు అలవాటే, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లు కావాలనే మోటారు టక్కున ఆపించి రికార్డు చేశారు. సెకనుకి మీటరు వేగంతో పోయే నీళ్లు అమాంతం ఆగితే ఇనుప పైపులో చదరపు సెంటీమీటరుకి 12 కిలోల దాకా అదనపు ఒత్తిడి పుడుతుంది. మా మామూలు ఒత్తిడి 6. అంటే రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతే నాలుగుసార్లు సుత్తి దెబ్బ. పైపు తట్టుకుంటుంది, కానీ మూలల దగ్గర ఆ దెబ్బ పైపుని పొడవునా నెడుతుంది, చువ్వల బోల్టులు వదులవడానికి కారణం అదేనట. నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) మెల్లగా మూసుకునేది పెట్టమన్నారు, పెట్టాం. ఇప్పుడా కుదుపు బాగా తగ్గింది.

గాలి లెక్క కూడా వేశారు. మన విశాఖ వైపు నిర్మాణాల కోడ్ (కట్టడాలకి పాటించాల్సిన ప్రమాణాలు) ప్రకారం సెకనుకి 50 మీటర్ల గాలి తీసుకోవాలి, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి మా పైపుని పక్కనుంచి తోసే బలం మొత్తం మీద సుమారు 2 టన్నులు. పైపులో నీళ్ల బరువెంతో అంతే! నీళ్లు కిందికి లాగే 2 టన్నుల కోసం ఇన్ని తాళ్లు, టవర్లు కట్టాం, పక్కకి తోసే 2 టన్నుల కోసం ఉన్న నాలుగు పక్క తాళ్లలో రెండింటిని గేదెలకి అడ్డమని ఎవరో విప్పేశారు. అవి మళ్లీ కట్టించాం.

ఇక ఫిర్యాదులు. రిపోర్టు మూడు వారాలు ఆలస్యం. మే మొదటి వారం అన్నది నెలాఖరుకి వచ్చింది, వానలు ముంచుకొస్తున్నాయని మాకు ఒకటే టెన్షన్. వచ్చింది 48 పేజీలు, అంతా ఇంగ్లీషు. మా సంఘంలో 140 మంది రైతులున్నారు, డబ్బు వాళ్లది, వాళ్లకి అర్థం కావద్దా? గట్టిగా అడిగితే రెండు పేజీలు తెలుగులో రాసిచ్చారు, అది చాలా చక్కగా ఉంది, ముందే ఇచ్చుంటే పోయేది. ఫీజు లక్షా పదివేలు అన్నారు, రాకపోకలు, భోజనాలు 14 వేలు వేరేగా వేశారు. మాటలప్పుడే చెప్పాల్సింది. టవరు పైన తాడు కూర్చునే చోట విప్పి చూడలేదు, తుప్పు ఎక్కువుండేది అక్కడే కదా అంటే, పైపు బరువు దించకుండా విప్పలేం అన్నారు. అది నిజమే, కానీ ఆ మాట రిపోర్టులో పెద్ద అక్షరాలతో ఉండాలి, 31వ పేజీలో ఎక్కడో ఉంది.

నడకబాట మూసేయమన్నారు. ఒక మనిషి బరువు ఈ తాళ్లకి లెక్కలోది కాదు, కానీ పదిమంది పిల్లలు ఒకేసారి ఒక పక్కన నడుస్తూ ఊపితే వేరే కథ, పైగా ఇది మనుషుల కోసం కట్టింది కాదు. మూసేసి గేటు పెట్టాం. పిల్లల్ని చుట్టూ తిప్పే ఆటోకి ఈ వానాకాలం సంఘమే డబ్బు ఇస్తోంది. ఊళ్లో కొంతమందికి ఇంకా కోపంగానే ఉంది, వాళ్ల కష్టం నాకు తెలుసు, గేటు తాళం మాత్రం తియ్యను.

జూన్ రెండో వారంలో క్లిప్పులన్నీ తీసి, నలిగిన ముక్క కోసేసి, గాడి ముక్క సరైన వైపు పెట్టి కట్టారు. బరువు పడ్డాక నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి, అది మర్చిపోకండి, వారానికి వచ్చి వాళ్లే బిగించి వెళ్లారు, దానికి డబ్బు తీసుకోలేదు. ఆ రోజు కూడా తెల్లవారుజామునే పెట్టె కట్టి తట్టారు. ఎగువ తాడు సెకనుకి 3.8 సార్లు, దిగువ తాడు 3.7 సార్లు ఊగింది. ఎగువ దిమ్మ వెనక ఇంకో 4 ఘనపు మీటర్ల కాంక్రీటు పోసి పాతదానికి చువ్వలతో కలిపాం, గట్టుకి రాళ్ల పేర్పు సగం అయింది, మిగతా సగం ఊడుపులు అయ్యాక మొదలుపెడతాం.